బొడ్డురాయి పాత చోటు

వైశాఖ బహుళ పాడ్యమి

పడవలో సరుకులు తెచ్చే మార్తా ఇవాళ వచ్చింది. నది మీద మంచు కరిగాక ఏడాదికోసారి వస్తుంది. ఈ దేశపు మనిషే. మా ఎండు చేపలు ముక్కు మూసుకుని తీసుకుంటుంది, మూసుకున్న ముక్కుతోనే తూకం సరిచూసుకుంటుంది. బదులుగా పాత యూరప్ పటాలు ఇస్తుంది. ఒకప్పుడు వీటిని గాజు చట్రాల్లో బిగించి గోడలకి తగిలించుకునేవాళ్ళట, చూసి మురవడానికి. ఆకాశంలో తిరిగే కళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకుని రాలిపోయాక, మన అరచేతి పలకల్లోని పటాలన్నీ గుడ్డివైపోయాయి. మా వీధిలో ఆడవాళ్ళు ఆ పలకల మీద వెల్లుల్లి తరుగుతారు.

నా దగ్గరున్న మూడు అట్లాసుల్లో ఈ చోటుకి మూడు పేర్లున్నాయి, మూడు రంగులున్నాయి. ఒకటి యుద్ధానికి ముందుది, ఒకటి యుద్ధంలోది, ఒకటి యుద్ధం తర్వాతది. నాలుగో పేరు మేం పెట్టాం, కొత్త గంగువాడ. పాత గంగువాడ సిక్కోలు తీరంలో సముద్రం కింద ఉంది.

ఇవాళ తీసుకున్నవి: ఒక పట్టుగుడ్డ పటం. విమానాల్లోంచి దూకే సైనికులు జేబులో పెట్టుకునేవాళ్ళట. మా ఆయన అసిరయ్య దాన్ని చూడగానే మెడకి చుట్టుకుని, "ఏటే తవిటీ, పెళ్ళికొడుకునాగున్నానా?" అన్నాడు. పెళ్ళికొడుకువి కాదు, పెళ్ళి గుర్రానివి అన్నాను. రెండోది, వార్తాపత్రికతో పాటు పంచిన యుద్ధపటం. దానినిండా గుండుసూది కన్నాలే. ఏదో ఇంట్లోవాళ్ళు భోజనాల గది గోడకి తగిలించుకుని, సైన్యం ముందుకెళ్ళిన కొద్దీ సూదులు జరుపుకున్నారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తూర్పువైపు ఊళ్ళన్నీ జల్లెడలా ఉన్నాయి. మూడోది, గుడ్డ మీద అతికించిన సైనిక పటం, మా నది వంపుది. దానికోసం మార్తా అడిగినన్ని చేపలూ ఇచ్చేశాను.

వైశాఖ బహుళ పంచమి

దాలినాయుడు కబురంపాడు. ఊరి పెద్ద. మాట మెత్తగా ఉంటుంది, అందులో ముల్లు కూడా మెత్తగానే దిగుతుంది.

"ఉత్తరపు సెక్క పొలం ఈ ఏరువాకకి తెరవాలమ్మా," అన్నాడు. "తెరవకపోతే వచ్చే సలికాలం ముసిలోల్లకి గంజుండదు."

ముసలివాళ్ళకే ఎందుకుండదో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. తిండి చాలకపోతే కోత ముందు వాళ్ళకే అని ఇద్దరికీ తెలుసు.

ఈ దేశంవాళ్ళు మాకు నేల రాసిచ్చినప్పుడు కాగితంలో ఒక మాట కలిపారు: నేలా మీదే, నేలలో ఉన్నదీ మీదే. మా పెద్దలు నిధులనుకుని సంబరంగా వేలిముద్ర వేశారు. నేలలో ఉన్నవి మందుపాతరలు. పాత యుద్ధంలో పాతినవి, తీయకుండా మరిచినవి. ఇనపవైతే పసిగట్టే కర్ర ఉంది మా దగ్గర. నది పక్కనున్నవి గాజువి. వందేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి, వాటికి మాత్రం తమ పని గుర్తుంది.

అందుకే పటాలు, అందుకే నేను. పాతినవాళ్ళు గీసుకున్న కాగితం చూసి, ప్రమాదం ఉన్న వరసలు విడిచి, మంచి నేలకి జెండాలు పాతడం నా పని. జెండాలు పాతినవాళ్ళ ఇంటి మనిషే ఏరువాకనాడు తొలి చాలు దున్నాలి. ఇది మా ఊరి ఆచారం. నేను దీన్ని తిట్టుకోను. కొలబద్ద పట్టుకున్నవాళ్ళకి కాగితం మీద మనుషులు కనిపించరు. సొంత మనిషి నడుస్తుంటే కనిపిస్తారు. ఆ సూదులు గుచ్చిన ఇంటివాళ్ళకి కూడా ఇలాంటి ఆచారం ఒకటి ఉండాల్సింది.

నా ఇంట్లో ఉన్నది అసిరయ్య ఒక్కడే.

వైశాఖ బహుళ దశమి

ఉత్తరపు చెక్క అంటే ఊరికి సన్నిబాబు మాస్టారు గుర్తొస్తారు. నాకు ముందు పటాలు చూసింది ఆయనే. నాకు అక్షరం, కొలత, దిక్కు నేర్పింది ఆయనే. ఆ పొలం గురించి సైనికులు గీసిన పాతర కాగితం దొరికింది కూడా ఆయనకే. అందులో రాసింది సులువు. ఫలానా నెంబరు చెక్కిన సర్వే రాయి దగ్గర నిలబడు, దిక్సూచి ముల్లు ఇంత తిప్పు, ఇన్ని అడుగులు నడువు, అక్కడ మొదటి వరస. మాస్టారు ఆ రాయి కోసం ఊరంతా వెతికి, చివరికి వీధి మధ్యలో అమ్మోరిగా కొలిచే మా బొడ్డురాయి మీద పేరుకున్న పసుపు గీకితే ఆ నెంబరే కనిపించింది. ఊరు ఊరంతా డప్పులు కొట్టింది. మన అమ్మోరు తెల్లోళ్ళ పటంలో కూడా ఉందని ఆడవాళ్ళు పూనకాలతో ఊగారు.

ఆ ఏరువాకకి మాస్టారి కొడుకు సిమ్మయ్య తొలి చాలు దున్నాడు. సగం చాలు దాటలేదు. గుర్రం కూడా పోయింది. ఊళ్ళో కొందరు గుర్రం కోసమే ఎక్కువ ఏడ్చారు.

తప్పుడు జెండా వల్లో, తప్పుడు మాట వల్లో, దాచిన మాట వల్లో మనిషి పోతే, కారణమైనవాడు మరుసటి కొత్త పొలంలో జెండాలు లేకుండా ముందు నడవాలి. ముందునడక అంటారు. మాస్టారిని మాత్రం వదిలేశారు. కొడుకు పోయాడు కదా, చెల్లుకి చెల్లు అన్నారు. పటాలు నా చేతికిచ్చారు. దక్షిణపు పొలాలన్నీ నేను తెరిచాను. వాటి కాగితాలు వేరు, అవి పాత వంతెన దగ్గర మొదలవుతాయి. ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. అప్పట్నుంచి ఊరివాళ్ళకి నేనంటే గౌరవం, మాస్టారంటే జాలి. ఆ జాలి పుండు మీద కారంలా ఉంటుందని వాళ్ళకి తెలుసు, అయినా చల్లుతారు. ఆయన బొడ్డురాయికి దణ్ణం పెట్టడం మానేశారు. దాని పక్కనుంచి కూడా నడవరు, చుట్టూ తిరిగి వెళతారు. పొగరంటారు జనం.

వైశాఖ అమావాస్య

కొత్తగా తెచ్చిన సైనిక పటాన్ని నేల మీద సరిచూశాను. కూలిపోయిన చర్చి పునాది పటంలో ఉన్న చోటే ఉంది. వంతెన దిమ్మె ఉన్న చోటే ఉంది. నది వంపు కొంచెం కరిగింది, అది నది బుద్ధి. సర్వే రాయి గుర్తు, దాని పక్కన మా బొడ్డురాయి నెంబరు కూడా పటంలో ఉన్నాయి. కానీ నేల మీద మా రాయి అక్కడ లేదు. దాదాపు ఒక వీధి పొడవు తేడా.

ముందు పటాన్నే అనుమానించాను. యుద్ధకాలం పటాలు కావాలని అబద్ధాలు చెబుతాయి. శత్రువు చేతికి చిక్కితే తప్పుదారి పట్టాలని లేని రోడ్లు గీస్తారు, ఉన్న వంతెనలు చెరిపేస్తారు. అయితే ఈ పటంలో నేను చూసినవన్నీ నిజాలే, ఒక్క రాయి తప్ప. అన్నీ నిజం చెప్పి, ఎవరికీ పట్టని ఒక్క రాయి గురించి అబద్ధమాడే సైన్యం ఉంటుందా?

పటం తప్పు కాకపోతే రాయి నడిచి ఉండాలి. దానికి కాళ్ళు లేవు. కాబట్టి ఎవరో మోశారు.

పోనీ పటాన్నిబట్టే పాత చోటు పట్టుకుందామంటే కుదరదు. ఈ పటం మీద నా పెన్సిలు గీత మందం నేల మీద ఒక గది వెడల్పు. గాజుపాతరకి గది వెడల్పు అక్కర్లేదు, పాదం చాలు.

మాస్టారు సిక్కోలునుంచి వచ్చింది రెండో ఓడలో. నేనూ అందులోనే, పిల్లగా. మేం దిగేసరికే రాయి వీధి మధ్యలో పసుపు పూసుకుని ఉంది. తొలి ఓడలో వచ్చినవాళ్ళు మొదటి చలికే దగ్గుతో రాలిపోయారు. మిగిలింది ఒక్కడు. వాడు నా పక్కనే గురక పెడతాడు.

జ్యేష్ఠ శుద్ధ తదియ

ఎండ బాగుంది. గుమ్మం ముందు కూర్చుని ఇద్దరం విత్తనానికి బంగాళాదుంపలు కోస్తున్నాం. తొలి ఓడ కబుర్లంటే ఆయనకి ప్రాణం. మంచులో చేపలెలా పట్టారో, తోలు చెప్పులెలా ఉడకబెట్టి తిన్నారో వందసార్లు చెప్పాడు. రాయి గురించి మాత్రం ఒక్కసారీ చెప్పలేదని నాకు అప్పుడే తట్టింది.

"మావా, బొడ్డురాయి ఎక్కడినించి తెచ్చినారు?"

కత్తి వేలికి తగిలింది. రక్తం దుంప మీద పడింది. తేలు కుట్టిన దొంగలా వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"నిన్నే."

"ఎక్కడినించేటి? ఇక్కడే ఉండీది."

"మావా, ఈ ఏరువాకకి నువ్వే నడవాల. నాను జెండాలు ఆ రాయి కాడినించే కొలవాల. ఇప్పుడు సెప్పు."

రక్తం అంటిన దుంపని తుడిచి బుట్టలో వేశాడు.

"గెడ్డ కాడ మిట్ట మీదుండీది," అన్నాడు. "ఊరికి బొడ్డు నేకపోతే ఊరు నిలవదని మా సిన్నాయన ఒకటే గోల. సక్కటి రాయి, నాలుగు పలకలు, మనకోసం సెక్కీసి ఎట్టినట్టుండీది. నలుగురం మోసుకొచ్చీసి పాతీసినాం. అప్పటికి ఏ పటాలూ నేవు తవిటీ. రాయంటే రాయే అనుకున్నాం."

"మరి మేస్టారు నెంబరు గీకి సూసిన నాడేటి?"

"డప్పులు కొడతుంటే నానూ ఎగిరినాను. రాయి ఎక్కడుంటే ఏటి, నెంబరు అదే కదా అనుకున్నాను. కొలత సంగతి నాకేటి తెలుసు?"

"ఎప్పుడు తెలిసింది?"

"సిమ్మయ్య పోయిన నాడు. ఆడి కాలు ఏరతన్నప్పుడు." సిమ్మయ్య ఆయన చెలికాడు. ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు.

"సెప్పలేదేటి మావా?"

"సెప్తే నన్ను ముందు నడిపించీవోరు. బయం. బయమే తవిటీ, ఇంకేటీ నేదు."

"మరి ఈ ఏడు? నాను తప్పు జెండాలు పాతితే ఆటి మద్దిన నడిసీద్దువా?"

"నడిసీద్దును. నాకు రావలసిందే కదా అనుకున్నాను." ఆగాడు. "అబద్దం. నువ్వే ఏదో కనిపెట్టీస్తావనుకున్నాను."

చేతిలో ఉన్న దుంప ఆయన ముఖాన విసిరి కొట్టాను. తర్వాత ఇంకోటి. బుట్ట అయిపోయేదాకా కొట్టాను, ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆయన బతకాలని కూడా అంతే గట్టిగా అనిపించింది. తర్వాత ఇద్దరం వంగి దుంపలు ఏరుకున్నాం. విత్తనం కదా, పారేయలేం.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

మిట్ట మీద అసిరయ్య చేత తవ్వించాను, అడిగినవాళ్ళకి గెడ్డవాగులో చేపల వలకి గుంజ పాతుతున్నాం అని చెప్పి. ఆయన చూపించిన చోట మోకాటి లోతులో ఒక పలక బయటపడింది. దాని మీద నిలువుగీత, అడ్డగీత. రాయి కింద ఇది కూడా ఉండేదట. పరాయి దేవుడి గుర్తని భయపడి తొలి ఓడవాళ్ళు వదిలేశారట. సర్వేవాళ్ళు రాయి పోయినా చోటు పోకూడదని కింద అలాంటి పలక దాచేవాళ్ళని మాస్టారు నాకు ఎప్పుడో చెప్పారు. ఆ రెండు గీతలు కలిసే చుక్కే అసలు చోటు.

అక్కడ నిలబడి ముల్లు తిప్పాను. అడుగులు కొలిచాను. మాస్టారి పాత లెక్క కాగితాలు కూడా ఆయన పెట్టెలోంచి చెప్పకుండా తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఆయన వేసిన ప్రతి అంకెనీ ఈ చుక్క మీద నిలబెట్టి చూశాను. సిమ్మయ్య కోసం ఆయన గుర్తించిన దారి రెండు గుర్రాలు పక్కపక్కన నడిచేంత వెడల్పు. ఈ చుక్కనుంచి కొలిస్తే ఆ దారిలో ఒక్క పాతర లేదు. ఆయన లెక్క ఎక్కడా వెంట్రుకవాసి తప్పలేదు. మేమే ఆయన కాళ్ళ కింద నేలని జరిపేశాం. ఆయన కొడుకుని మా ఊరి బొడ్డు చంపింది.

పలకని మళ్ళీ పూడ్చేశాను. పైన గుంజ పాతాను, గెడ్డలోకి వల కట్టాను. వల కట్టాక చేపలు పడ్డాయి కూడా.

జ్యేష్ఠ పౌర్ణమి, ఏరువాక

ఊరంతా గట్టు మీదకొచ్చింది. గుర్రానికి పసుపు బొట్లు పెట్టారు. అసిరయ్య తలంటుకుని, పట్టుగుడ్డ పటం మెడకి చుట్టుకుని వచ్చాడు. ఫ్రాన్సు ఆయన భుజం మీద, స్విట్జర్లాండు చెమటలో. నా జెండాలు సిమ్మయ్యనాటి జెండాలకి చాలా ఎడంగా ఉన్నాయని ఎవరికైనా కనిపిస్తుంది. దాలినాయుడికి అందరికంటే ముందు కనిపించింది.

"పాత జెండాలకీ నీ జెండాలకీ ఇంత తేడా ఏటమ్మా?"

"ఇది నా లెక్క నాయుడు బావూ. నా మొగుడే నడుస్తన్నాడు."

"అంటే మేస్టారి లెక్క తప్పన్నమాట."

జనం వెనక్కి తిరిగి చూశారు. మాస్టారు అందరికీ వెనక, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డారు. ఊరంతా నా నోటికోసం చూస్తోంది. ఒక్క మాట చెబితే ఆయన తలెత్తుకుంటారు. ఆ ఒక్క మాటకి, పటం మెడకి చుట్టుకున్న ఈ వెర్రివాడిని జెండాలు లేని నేలలోకి తోసేస్తారు. నేను నాగలి మేడి సరిచేస్తున్నట్టు వంగాను. నేను మాట్లాడలేదు కాబట్టి ఔననే అనుకున్నారు. వెనకనుంచి ఒక ఆడమనిషి, "కన్నకొడుకుని కొలబద్దతో సంపీసినాడు," అంది. దాన్ని ఎవరూ కసరలేదు.

అసిరయ్య నడిచాడు. మొదట నేల మీదనుంచి చూపు తిప్పలేదు. సగం చాలు దాటాక, సిమ్మయ్య పడ్డ చోటు పక్కనే వెనకబడిపోయిందని తెలిశాక, పాట అందుకున్నాడు. గొంతు గాడిదగొంతు. అంత తియ్యటి పాట నేనెప్పుడూ వినలేదు. చాలు చివర గుర్రాన్ని తిప్పి వెనక్కి వచ్చాడు, రెండు కాళ్ళతో. జెండా అవతల పొడుగాటి కర్రతో మట్టి గీరితే గాజు తళుక్కుమంది, నేను చెప్పిన వరసలోనే. దాలినాయుడు నా నెత్తి మీద అక్షింతలు వేశాడు. ముసలివాళ్ళకి గంజి ఉంటుందన్నాడు.

జ్యేష్ఠ బహుళ పాడ్యమి

పొద్దున్న పొయ్యి వెలిగిస్తుంటే మాస్టారు వచ్చారు. చేతిలో పాత లెక్క కాగితాలు. నేను చెప్పకుండా తీసి, మళ్ళీ ఆయన పెట్టెలో పెట్టిన సంగతి పసిగట్టారనుకున్నాను. కానీ ఆయన చూపులో అనుమానం లేదు. పరీక్ష తప్పిన పిల్లాడిలా నిలబడ్డారు.

"తవిటీ, నాను తగువుకి రానేదు. ఎక్కడ తప్పినానో ఒక్కపాలి సూపించమ్మా. ఇన్నేళ్ళూ ఎతికినాను, దొరకనేదు. సూపిస్తే సచ్చిపోయినా పరవానేదు."

లోపల అసిరయ్య చద్దిముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

కాగితాలు తీసుకున్నాను. చూస్తున్నట్టు నటించాను. అందులో తప్పు లేదని నాకు తెలుసు కాబట్టి ఒకటి పుట్టించాలి. మాస్టారు నమ్మేటంత మంచి తప్పు కావాలి. అలాంటివి ఎక్కడ దొరుకుతాయో నాకు ఆయనే నేర్పారు.

"ముల్లు, మేస్టారూ," అన్నాను. "దిక్సూచి ముల్లు ఏటేటా కొంచెం కొంచెం జరుగుతాది. ఆల్లు పాతిన్నాటికీ మనం కొలిసిన్నాటికీ మద్దిన జరిగింది మీరు కలపనేదు."

ఆయన కాగితం కేసి చూశారు. నా కేసి చూశారు.

"నీకు నాను సెప్పిన మొదటి పాఠం అదే కదే."

"ఔను."

"నానే మరిసిపోనానా?"

ఇక్కడ కూడా ఆపొచ్చు. ఆపలేదు.

"మరిసిపోనారు," అన్నాను. "ఆ నాడు డప్పుల గోలలో."

కాసేపు పెదాలు కదిలాయి, లెక్క మళ్ళీ వేసుకుంటున్నట్టు. తర్వాత ఆయన భుజాలు దిగాయి. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. ఆయన ముఖంలో ఏదో తేలిక వచ్చింది, అది చూడలేక నేను పొయ్యి ఊదాను.

"మంచి పని సేసినావమ్మా, సెప్పి. నా లెక్క మీద నాకు గీర. తప్పు నాది కాదు, ఆ రాయే మోసం సేసిందని ఇన్నేళ్ళూ అమ్మోరిని తిట్టుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టినాను." కాగితాలు మడిచి నా పొయ్యిలో పెట్టారు. ఆ చేతిరాత కాలుతుంటే ఆయనా చూశారు, నేనూ చూశాను.

గుమ్మంలోంచి కనిపిస్తోంది. తిన్నగా వీధి మధ్యకి నడిచారు, చుట్టూ తిరగకుండా. బొడ్డురాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. చెంబుతో నీళ్ళు పోసి కడిగారు. ఎవరింట్లోనో పసుపు అడిగి తెచ్చుకున్నారు. ఒకప్పుడు తనే గీకిన ఆ నెంబరు మీద రెండు చేతులతో పసుపు పూస్తూ, లెంపలు వేసుకుంటూ, క్షమించమని అడుగుతున్నారు.

లోపలినుంచి మా ఆయన ఇంకో ముద్ద అడిగాడు. పెట్టాను.